ధాత కరువులో పరీక్షింపబడిన విశ్వాసము



కర్నూలు, కడప సీమలలో పుట్టి పెరిగినవారికి వాన అను మాట ఒక ప్రార్థనవలె వినబడును. మబ్బు పట్టినంత మాత్రమున మనము సంతోషింపము. చినుకు నేలలోనికి ఎంత లోతున దిగెనో వ్రేలితో చూచుకొని, అప్పుడు విత్తనపు మూట విప్పుదుము. "బ్రతికియుంటే బలుసాకు తినవచ్చు" అను సామెతను ఇతరులు మాటవరుసకు చెప్పుకొందురు. మన పూర్వులకు అది మాటవరుస కాదు. ఆకులు, దుంపలు వండుకొని దినములు గడిపిన కాలములు ఈ నేలమీద ఎన్నియో గడచినవి.

అట్టి కాలములలో మిక్కిలి ఘోరమైనదానిని గూర్చి నీతో మాటలాడ గోరుచున్నాను. ఇది పాత కథయే. అయినను నీ యింటిమీదికి పెద్ద కష్టము వచ్చినప్పుడు, "నా విశ్వాసము ఇప్పుడు దేనికి పనికివచ్చును?" అని నీవును నీలో నీవు అడుగుకొని యుందువు. ఆ ప్రశ్నను నీకంటె ముందుగా, ఈ నేలమీదనే, ఖాళీ కడుపుతో అడిగినవారు కలరు. వారి సంగతి తెలిసికొనుట మనకు మేలు.

కరువు వచ్చిన విధము

మన సీమకు రాయలసీమ అను పేరు 1928లో నంద్యాలలో జరిగిన సభలో వచ్చినది. అంతకుముందు దీనిని దత్తమండలములనిరి. 1800లో నైజాము ప్రభువు కంపెనీవారికి దత్తము చేసిన ప్రాంతమగుటచే ఆ పేరు వచ్చెను. కర్నూలు మాత్రము 1839 వరకు నవాబు ఏలుబడిలో నుండెను. ఏలినవారు మారిరి గాని నేల మారలేదు, వాన నడత మారలేదు.

1876వ సంవత్సరము ధాత నామ సంవత్సరము. ఆ యేట నైరుతి వానలు మొగము చాటుచేసెను. ఈశాన్యపు వానలైనను ఆదుకొనునని రైతులు కనిపెట్టుకొనిరి, అవియు రాలేదు. జొన్న, కొర్ర, సజ్జ కొన్నిచోట్ల మొలకలోనే మాడెను. కొన్నిచోట్ల విత్తనమే నేలలో పడలేదు. మరుసటి యేడు, అనగా 1877, ఈశ్వర నామ సంవత్సరమున, తొలకరి వానలు మరల తప్పిపోయెను. ఒక యేటి కరువును పాతరలోని గింజలతో దాటవచ్చును. రెండవ యేటికి పాతరలు ఊడ్చిపెట్టబడియుండెను. అందుచేత ఈ కాలమును ప్రజలు నేటికిని ధాత కరువనియే చెప్పుకొనుచున్నారు.

ఒక సంగతి గమనింపుము. ఆ దినములలో దేశమందంతటను ధాన్యము లేకపోలేదు. బెంగాలునుండి, బర్మానుండి ఓడలలో మద్రాసు రేవునకు ధాన్యము వచ్చుచుండెను. మద్రాసునుండి బొంబాయికి పోవు రైలుదారి కడప, గుత్తి మీదుగా అప్పటికే వేయబడియుండెను. అయితే కర్నూలుకును, నంద్యాలకును, కోవెలకుంట్లకును, కంభమునకును రైలు లేదు. స్టేషనులో దిగిన బస్తాలను బండ్లమీద లోపలి గ్రామములకు చేర్పవలెను. గడ్డి లేక ఎద్దులు చచ్చుచుండగా బండి లాగునది ఏది? ధాన్యము చేరినచోటనైనను ధర రెండింతలు, మూడింతలు పలికెను. గింజలే కూలిగా పుచ్చుకొను జీతగాండ్రకు పొలములో పని లేనందున కూలి లేదు. గుడ్డ కొనువాడు లేనందున నేతగాని మగ్గము ఆగిపోయెను. ఆకలికి తోడు 1877లో కలరా వ్యాపించెను. కడపటికి వానలు కురిసినప్పుడు, ఎముకలగూడులైన జనుల మీదికి చలిజ్వరములు వచ్చెను.

జనాభా లెక్కలే సాక్ష్యము చెప్పుచున్నవి. 1871లో కర్నూలు జిల్లాలో సుమారు 9 లక్షల 14 వేలమంది యుండిరి. 1881లో 6 లక్షల 78 వేలమంది మాత్రమే యుండిరి. నలుగురిలో ఒకరు లేకపోయిరన్నమాట. కడప జిల్లాలో సుమారు 13 లక్షల 51 వేలు 11 లక్షల 21 వేలకు దిగెను. వీరిలో కొందరు వలసపోయినవారు. ఎక్కువమంది ఈ మట్టిలోనే కలిసిపోయినవారు.

ప్రభుత్వమువారు రోడ్లు, చెరువులు, కాలువల పనులు తెరచి కూలి యిచ్చిరి. పనిచేయలేనివారికి గంజి పోయించిరి. కాని 1877 జనవరిలో వైస్రాయిగారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారి ఖర్చు తగ్గింపనెంచి, దినమంతయు మట్టి మోయు మగవానికి ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని నిర్ణయించెను. పౌను అనగా అరకిలోకంటె తక్కువ. ఆ తిండితో ఆ పని చేయువాడు బ్రతుకడని మద్రాసు ఆరోగ్యశాఖాధికారియైన డాక్టర్ కార్నిష్ పట్టుబట్టి వాదించెను. తరువాత కూలి పెంచబడెను. అంతలో ఎందరో పోయిరి. ఆకలిని త్రాసులో తూచువానికిని, ఆకలిగొన్నవాని మొగము చూచువానికిని ఎంత భేదమున్నదో చూడుము.

విశ్వాసులకు వచ్చిన ప్రశ్న

అప్పటికి ఈ సీమలో క్రైస్తవ సంఘము క్రొత్తది. లండను మిషనువారు 1822లో కడపలో పని ప్రారంభించిరి. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యకాలమున జమ్మలమడుగు చుట్టునున్న పల్లెలలో సువార్త వ్యాపించెను. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల ప్రాంతములలో ఎస్.పి.జి. మిషనువారు పనిచేసిరి. జాన్ క్లే దొరగారు ముత్యాలపాటిలో నివసించి తెలుగు బాగుగా నేర్చి, పల్లెపల్లెకు తిరిగిరి. నమ్మినవారిలో అధికులు మాలలు, మాదిగలు; అనగా కూలివారు, నేతగాండ్రు, చర్మపు పనివారు, ఇతరుల పొలములలో జీతమున్నవారు. కరువు దెబ్బ మొదట ఎవరిమీద పడునో వారే.

కాబట్టి ఆ పల్లెల విశ్వాసుల స్థితి ఎట్లుండెనో యోచింపుము. గ్రామదేవతకు వేటపోతును ఇయ్యము అని వారు చెప్పిన దినమునుండి ఊరు వారిని వింతగా చూచుచుండెను. ఇప్పుడు వాన లేదు. "మీ దేవుడు మీకైనను గింజలు పంపడేమి?" అను మాట ఎవరి నోటనైనను వచ్చెనో లేదో గాని, వారి స్వంత హృదయములో అది పలుకకుండునా? చర్చిలో ప్రార్థించిన బిడ్డయు, ప్రార్థింపని బిడ్డయు ఒకే కలరాతో పోయిరి. విశ్వాసము తాయెత్తు అయినయెడల, ఆ దినమే తెగి క్రింద పడియుండవలసినది.

ఇక్కడ మనము పరిశుద్ధ గ్రంథమును నిదానముగా చదువవలెను. అందు కరువు కథలు చాల కలవు. ఐగుప్తులో ఏడు సంవత్సరముల కరువు వచ్చునని దేవుడు యోసేపునకు ముందుగా తెలియజేసెను. కరువును మాత్రము ఆపలేదు. యోసేపు కొట్లు కట్టించి ధాన్యము కూర్చెను. అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయములో అగబు అను ప్రవక్త గొప్ప కరువు రానున్నదని ఆత్మచేత చెప్పెను. అంతియొకయ శిష్యులు అది విని, తమ తమ శక్తికొలది చందా కూర్చి బర్నబా సౌలుల చేత యూదయకు పంపిరి. సారెపతు విధవరాలు తన కడపటి పిండితో మొదట ఇంకొకనికి రొట్టె చేసెను. ఈ కథలలో ప్రతిదానియందును దేవుని మాట వచ్చినవెంటనే ఎవరో ఒకరి చేతులు కదలినవి. పెద్ద కష్టములో దేవుడు తనవారికి మొదట ఇచ్చునది చేయవలసిన పని. ఎందుకు ఈ కష్టము అను ప్రశ్నకు జవాబు ఆలస్యముగా రావచ్చును. ఒక్కొక్కప్పుడు ఈ లోకములో రాకయు పోవచ్చును. పని మాత్రము ఆ దినమే వాకిట నిలుచును.

ఆనాటి మిషను బంగళాల వాకిటను అది అట్లే వచ్చి నిలిచెను. తలిదండ్రులు పోయిన బిడ్డలను చేర్చుకొనుటకు అనాథశాలలు తెరువబడెను. 1877 ఆగస్టులో మద్రాసు గవర్నరుగారి విన్నపము మీద లండను నగరాధ్యక్షుడు చందా ప్రారంభింపగా లక్షలకొలది పౌనులు వచ్చెను. స్థానిక సంఘములలో అనేకచోట్ల మిషనరీలు కూర్చుండి ఆ ద్రవ్యమును పంచుటకు సహాయపడిరి. కేవలము గంజికే గాక విత్తనములకు, ఎద్దులకు, కూలిన యిండ్ల కప్పులకు, కట్టుబట్టలకు అది ఖర్చుచేయబడెను. గంజి ప్రాణము నిలుపును. విత్తనము మనిషిని తన కాళ్లమీద నిలుపును.

క్రైస్తవులకు మాత్రమే జాలి కలదని మనము అతిశయింపరాదు. కోవెలకుంట్ల ప్రాంతమున ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు ఆ శతాబ్దపు కరువులలో తన గాదెలు తెరచి వేలమందికి అన్నము పెట్టిన సంగతి మన జిల్లా మరువలేదు. సమరయుని కథ చెప్పిన ప్రభువు ఎవరి మంచితనమునైనను చూచి సంతోషించువాడే.

పదునైదు మాసముల నిరీక్షణ

ఇప్పుడు నల్లమల కొండలకు తూర్పున జరిగిన ఒక సంగతి చెప్పవలెను. కంభము, మార్కాపురము తాలూకాలు ఆ దినములలో కర్నూలు జిల్లాలోనివి. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడువరకు అట్లే యుండెను. ఆ తాలూకాల పల్లెలలో పనిచేసిన అమెరికను బాప్టిస్టు మిషనుకు ఒంగోలు కేంద్రము. అక్కడ 1866నుండి జాన్ ఎవరెట్ క్లౌ దొరగారుండిరి. యర్రగుంట్ల పేరయ్య అను మాదిగ విశ్వాసి తోళ్ల వర్తకముపై తిరిగిన దారులలోనే సువార్త చెప్పుచు ఆ పనికి పునాది వేసినవారిలో ఒకడు.

క్లౌ దొరగారు మిషనరీ కాకముందు భూమి కొలతల పని నేర్చినవాడు. కరువు ముదిరినప్పుడు, సముద్రతీరమున ప్రభుత్వము త్రవ్వించుచున్న కాలువలో సుమారు మూడు మైళ్ల పనిని తాను గుత్తకు తీసికొనెను. అదియే తరువాత బకింగ్‌హాము కాలువ అని పేరు పొందినది. కొండల అవతలినుండియు ఇవతలినుండియు బక్కచిక్కిన జనులు వచ్చిరి. గుడిసెలు వేసిరి, బావులు త్రవ్విరి. తెలుగు బోధకులే మేస్త్రీలుగా నిలిచి పని చూచిరి, కూలి పంచిరి. ఇతర పనిచోట్ల తిట్లు, దెబ్బలు తినుటకు అలవాటుపడినవారిని వీరు మనుష్యులవలె చూచిరి. పని ఆగిన వేళలలో వారిమధ్య కూర్చుండి, ప్రయాసపడి భారము మోయువారిని యేసు పిలిచిన పిలుపును, అనగా మత్తయి 11వ అధ్యాయములోని ఆ మాటను, మరల మరల చెప్పిరి. మట్టిగంప నెత్తిన మోయువానికి ఆ మాట అర్థము విప్పి చెప్పనక్కరలేదు.

వినినవారు బాప్తిస్మమిమ్మని అడిగిరి. వందలుగా అడిగిరి. ఇక్కడనే ఆ దొరగారును ఆ బోధకులును చేసిన పని మనము జాగ్రత్తగా చూడవలెను. సుమారు పదునైదు మాసములు వారు ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. కూలి, ధాన్యము తమ చేతులలోనున్నంతకాలము అడుగువాని మనసు దేనికొరకు అడుగుచున్నదో వారు తెలిసికొనలేరు; బహుశః అడుగువానికే తెలియదు. కాబట్టి ఆకలిగొన్నవానికి అన్నము వెంటనే పెట్టిరి. బాప్తిస్మమునకు మాత్రము ఆగుమనిరి. యోహాను సువార్త 6వ అధ్యాయములో ప్రభువు ఇట్లే చేసెను గదా! అయిదువేలమందికి రొట్టెలు పంచునప్పుడు వారి విశ్వాసమెంతయని ఆయన అడుగలేదు. మరునాడు వారు సముద్రము దాటి వెదకుచు వచ్చినప్పుడు మాత్రము, మీరు రొట్టెల కొరకు వచ్చితిరని మొగమాటము లేక చెప్పెను.

1878 నడుమకు సహాయద్రవ్యము అయిపోయెను. ఇక ఇచ్చుటకు ఏమియు లేదని జనులకు తెలియజేయబడెను. అప్పుడు వారు ముందటికంటె ఎక్కువమంది వచ్చిరి. ఒంగోలులో మశూచి యున్నందున, ఊరికి ఉత్తరమున గుండ్లకమ్మ యొడ్డుననున్న వెల్లంపల్లియొద్ద కూడిరి. ఒక్కొక్కరిని విచారించి, వారి పల్లెల బోధకుల సాక్ష్యము విని, 1878 జూలై 3న ఆ యేటిలో 2,222 మందికి ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొని బాప్తిస్మమిచ్చిరి. ఆ సంవత్సరము ముగియునప్పటికి ఆ సంఖ్య 9,606 ఆయెను.

కడుపు కొరకు చేరిరని ఆనాడు అనినవారున్నారు, నేడును అనువారున్నారు. ఆ మాటకు మనము కోపపడ నవసరములేదు. వచ్చినవారందరు స్థిరముగా నిలిచిరని చెప్పుట సత్యము కాదు. వెనుకకు పోయినవారును కలరు. ఇందరికి ఒక్కమారుగా బోధించుటకు ఉపదేశకులు చాలక సంఘము చాలకాలము కష్టపడెను. అయినను ఒక ప్రశ్న అడుగవచ్చును. గంజి ఉన్నప్పుడు ఆగుమనగా ఆగి, గంజి లేనప్పుడు కాలినడకను మైళ్లకొలది వచ్చినవాడు దేనికొరకు వచ్చెను? అంటరానివాడని దూరముగా నిలువబెట్టిన లోకములో, కష్టకాలమున తన ప్రక్క కూర్చుండి మాటలాడినవాని దేవుడెవరో తెలిసికొనుటకు వచ్చెను. దానిని తక్కువ హేతువని నేను అనజాలను.

కరువు పోయిన తరువాత

వాన పడిన తరువాత కరువును మరచుట మనుష్యుల స్వభావము. కొందరు మరువలేదు. 1880లో కరువు విచారణ సంఘము తన నివేదిక సమర్పించెను. దానిపై కరువు నిబంధనలు ఏర్పడెను. మరుసటి దశాబ్దములో గుంతకల్లునుండి నంద్యాల, కంభము మీదుగా బెజవాడవైపు రైలుదారి వేయుటకు పూనుకొనిరి. ధాన్యము చేరని పల్లెలకు ధాన్యము చేరవలెనన్నదే దాని ముఖ్యోద్దేశము. సుంకేసుల ఆనకట్టనుండి కడపవరకు పోవు కె.సి. కాలువను 1882లో ప్రభుత్వము కంపెనీవారియొద్దనుండి కొనెను.

సంఘములును మరువలేదు. పల్లెబడులు పెరిగెను. కంభములో ప్రత్యేకముగా మిషను స్టేషను ఏర్పడెను. కర్నూలులో కోల్సు ఉన్నత పాఠశాల లేచెను. జమ్మలమడుగులో డాక్టర్ కాంప్‌బెల్ దొరగారు ఆ శతాబ్దపు చివరి దశాబ్దమున వైద్యము ప్రారంభింపగా, ఆయన పేరుగల ఆసుపత్రి పెన్నానది ప్రక్కల పల్లెలవారికి దిక్కాయెను. కరువులో కలరాకు బిడ్డలను అప్పగించిన తల్లుల మనుమలు ఆ బడులలో చదివిరి, ఆ ఆసుపత్రిలో బ్రతికిరి. ధాత కరువులో చనిపోయినవారికి ఇవి జవాబు కావు. వారి మరణమును మనము ఊరక పోనియ్యలేదు అనుటకు మాత్రము ఇవి గుర్తులు.

చదువరీ, నీ మాట యేమి?

ధాత కరువువంటిది ఇప్పుడు లేదు. 1952 కరువులో తెరచిన గంజికేంద్రములును ముసలివారి జ్ఞాపకములోనికి పోయినవి. అయినను కష్టము మన సీమను విడువలేదు. ఆరువందల అడుగులు దించిన బోరులో దుమ్ము లేచినవాడు నీ సంఘములోనే యున్నాడు. కోసిగి, ఆదోని ప్రక్కల పల్లెలవారు యింటికి తాళమువేసి, బిడ్డలను బడి మాన్పించి, గుంటూరు మిరప కోతలకు సుగ్గికి పోవుచున్నారు. నీ యింటిలో కరువు వేరొక వేషముతో వచ్చియుండవచ్చును: తీరని అప్పు, మంచము దిగని రోగి, చదువు ముగిసినను పని దొరకని కుమారుడు, చిన్ననాడే విధవయైన కుమార్తె.

అట్టివేళ నీవు మొదట అడుగు ప్రశ్న "దేవా, నాకే ఎందుకు?" అనునది. అడుగుము; యోబు అడిగెను, హబక్కూకు అడిగెను, ప్రభువును సిలువమీద అడిగెను. కాని అడుగుచునే రెండవ ప్రశ్నకును చెవియొగ్గుము: "ఈ దినము నా చేతికి వచ్చిన పని ఏది?" నీ ప్రక్కయింటిలో సుగ్గికి పోయినవారి ముసలితల్లి ఒంటరిగా నున్నదేమో. సంఘములో ఒక బిడ్డ ఫీజు కట్టలేక నిలిచిపోయెనేమో. నీ స్వంత అప్పును దాచక పెద్దలయెదుట ఒప్పుకొని లెక్క వ్రాసుకొనుటయే నీకు దేవుడిచ్చిన నేటి పని కావచ్చును. మరియొక మాట. నీవు సహాయము చేయునప్పుడు వెల అడుగకుము. మా చర్చికి వచ్చిన బియ్యమిత్తుమను మాట నీ నోట రానీయకుము. రొట్టెను అమ్మినవాడు సువార్తను కూడ అమ్మినవాడే.

బకింగ్‌హాము కాలువ పొడవు రెండువందల మైళ్లకు పైగా కలదు. క్లౌ దొరగారును ఆ బోధకులును, ఆ ఎముకలగూడులైన జనులును త్రవ్వినది అందులో మూడు మైళ్లు మాత్రమే. కరువంతటిని ఆపుము అని దేవుడు వారితో చెప్పలేదు. ఆ మూడు మైళ్లను వారికి అప్పగించెను, వారు త్రవ్విరి. నీ మూడు మైళ్లు ఎక్కడనున్నవో మోకాళ్లూని అడుగుము. చూపబడినప్పుడు పార చేతబట్టుము.

ప్రభువా, ఎండిన నేలమీద నీవు మమ్మును నాటితివి. వాన నీ చేతిలో నున్నది, పార మా చేతిలో నున్నది. మా ఆకలిలో మా పొరుగువాని ఆకలిని మరువనీయకుము. ఆమేన్.